ఇద్దరు పొరుగువాళ్ల ఇనుము

మొలక వేళ

ఈ రాతలు నా తర్వాత ఈ స్టేషన్‌కు వచ్చే మనిషి కోసం. మీరెవరో తెలియదు కనుక మీరు అంటున్నాను. వయసులో చిన్నవాళ్లయితే సర్దుకోండి. నా పేరు సలోమి.

పైన తేదీ లేదేమని వెతక్కండి. కుజగ్రహం మీద ఏడాది మనం తెచ్చుకున్న క్యాలెండర్‌లో పట్టదు. ఎర్రమెట్టలో జనం నెలల పేర్లు పలకడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు కొత్తగా వేసిన చేనును బట్టి మొలక వేళ, పిలకల వేళ, పొట్ట వేళ అంటూ మాట్లాడుకుంటున్నారు. నేనుండేది ఊరికి దూరంగా, లోతుగుంట అడుగున. బండి మీద వచ్చినా దారిలో రెండు రాత్రులు పడుకోవాలి. ఆ చేనును నేను ఇంతవరకు చూడలేదు. అయినా దాని వయసుతోనే నా రోజులు లెక్కపెడుతున్నాను.

ఈ గుంటలోనే ఎందుకంటే ఇక్కడ గాలి కాస్త చిక్కగా ఉంటుంది. దాన్ని లోపలికి లాగి, కార్బన్ డయాక్సైడ్‌ను మంచుగా గడ్డకట్టించి తీసేస్తే మిగిలేది నత్రజని, ఆర్గాన్. ఆ నత్రజనిని అమోనియాగా మార్చి ట్యాంకుల్లో నింపి పంపడం నా ఉద్యోగం. అది చేరితేనే ఊళ్లో మట్టికి బలం.

నిజానికి మార్చేది నేను కాదు, ఇనుము. దాని సంగతి మీకు తెలియాలి. మామూలుగా ఏ సమ్మేళనంలో చూసినా లోహపు పరమాణువు చుట్టూ నలుగురో ఆరుగురో పొరుగువాళ్లుంటారు. కావలసినవన్నీ చుట్టూ ఉంటాయి కనుక అది బద్ధకంగా కూర్చుంటుంది. మా ఇనుముకు పొరుగువాళ్లు ఇద్దరే. గుబురుగా కొమ్మలున్న రెండు పెద్ద అణువులు చెరోపక్కా నిలబడి మూడోవాళ్లను రానివ్వవు. నత్రజని సన్నటిది కనుక ఆ సందులోంచి దూరిపోతుంది. మామూలుగా ఎవరికీ లొంగని నత్రజని కూడా ఈ ఇనుము చేతికి చిక్కితే విడిపోవాల్సిందే, అంత ఆకలి దానిది. ఆక్సిజన్ తగిలినా, చెమ్మ తగిలినా అంతే ఆత్రంగా పట్టుకుంటుంది, ఇక వదలదు, చస్తుంది. బతికి ఉన్నంతకాలం ఆకుపచ్చగా ఉంటుంది. చచ్చాక ఇటుకపొడి రంగు.

పగలు సూర్యుడున్నంతసేపు దానికి నత్రజని పెట్టి పని చేయిస్తాం. పొద్దుగూకాక నత్రజనిని తోసేసి ఆర్గాన్ నింపి పడుకోబెడతాం. ఆర్గాన్ ఎవరితోనూ కలవదు, ఎవరినీ అంటుకోదు. అంతకన్నా మంచి పడక లేదని మాకందరికీ నమ్మకం. మొన్నటి బండిలో ఆ ఆర్గాన్‌ను ఇంకా శుభ్రం చేసే కొత్త కొలిమి వచ్చింది. లోపల ఎర్రగా కాగే టైటానియం ఉంటుంది, ఆర్గాన్‌లో ఏ కాస్త మురికి ఉన్నా మింగేస్తుంది. ఇవాళ దాన్ని నేనే బిగించాను. మీటర్లో మురికి ముల్లు సున్నా మీదికి వచ్చి కూర్చుంది. గర్వంగా అనిపించింది, చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

సాయంత్రం రేడియోలో సన్యాసప్ప దొరికింది. చేను ఆమెది. పేరు సన్యాసమ్మ. మా వైపు అక్కను అప్ప అంటారు కనుక నేనలా పిలుస్తాను. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, రోజూ మాట్లాడుకుంటాం.

"సెల్లీ, మొలకలొచ్చీసినాయి," అంది. "నానే నమ్మనేదు. పొద్దున్నెల్లి సూస్తే మట్టి పగిలీసి ఉంది."

చోళ్లు, అంటే రాగులు. కుజుడి మట్టిని కడిగి, విషపు ఉప్పు పోగొట్టి, అందులో వేసిన మొదటి గింజలు. ఇంతకాలం ఊరు తొట్ల నీళ్లలో పెరిగే ఆకుకూరలూ ప్యాకెట్లలో వచ్చే పొడులూ తిని బతికింది. ఈ పంటలో గింజ కట్టకపోతే చేనుమీది గుడారం విప్పేసి ఆ జాగాలో గోదాము పెడతామని ఊరి కమిటీ తేల్చి చెప్పింది. ఆ మట్టిని ఆమె గంపలతో మోసి కడిగింది. గింజ కట్టాలంటే అమోనియా కావాలి, అమోనియా నా దగ్గర తయారవ్వాలి.

"నువ్వున్నావు గదా," అంది సన్యాసప్ప. నాకు బాగా నచ్చింది ఆ మాట. భయం కూడా వేసింది.

రెండాకుల వేళ

ఇనుముండే గదిని మడి అంటాం. ఆ పేరు పెట్టింది ఊళ్లో ఉండే మా పెద్ద రసాయనవేత్త తాతబాబు గారు. మనిషి సొంత చర్మంతో తాకకూడదు, ఊపిరి తగలకూడదు, బయటి వస్తువు లోపలికి వెళ్లాలంటే చిన్న అరలో పెట్టి మూడుసార్లు గాలి తీసి మూడుసార్లు ఆర్గాన్ నింపాలి. అద్దం గోడకు బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి, బయట నిలబడే పని చేయాలి. స్టేషన్‌కు ఒక్క మనిషే అన్న నియమం కూడా అందుకే. ఇద్దరుంటే రెండింతల చెమ్మ, రెండింతల వాసనలు.

మా నాయనమ్మకు నాయనమ్మ ఎవరి మడికీ తగలకుండా వీధిలో పక్కకు తప్పుకుని నిలబడేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆవిడ వంశంలో పిల్ల ఇప్పుడు మడి కట్టుకుని కూర్చుంది. ఆవిడ చూస్తే నవ్వేదో తిట్టేదో.

మడిలో ఎప్పుడూ ఒక బల్బు వెలుగుతుంటుంది. దాని గాజు పగలగొట్టేసి ఉంటుంది, లోపలి తీగ బట్టబయలుగా మండుతుంటుంది. ఆక్సిజన్ ఒక్క పిసరు చొరబడినా ఆ తీగ మాడిపోతుంది. ఖరీదైన మీటర్లు అబద్ధం చెప్పవచ్చు గానీ పగిలిన బల్బు చెప్పదు. పొద్దున లేవగానే ముందు దాన్ని చూస్తాను. వెలుగుతుంటే, సరే, బతికే ఉన్నాం అనుకుని పళ్లు తోముకుంటాను.

ఇవాళ బల్బు వెలుగుతోంది. కానీ ఇనుము పరిచిన మూడు పళ్లేల్లో మొదటిదాని అంచున గోధుమరంగు కనిపించింది. గోరంత. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. అలాగే ఉంది.

తాతబాబు గారికి చెప్పాను. ఆయన కంగారు పడే మనిషి కాదు.

"మొన్న ఏం వండుకున్నావమ్మా?"

"పప్పు, సార్."

"ఇంగువ వేశావా?"

"మన స్టేషన్‌కు ఇంగువ రానివ్వరు కదా సార్. వెల్లుల్లి కూడా లేదు." ఆ రెండింట్లో గంధకం ఉంటుంది, ఇనుము దాన్ని చూస్తే ఆగదు.

"తలకేం రాస్తున్నావు?"

"కొబ్బరినూనె."

"మానెయ్. తొడుగులు తడిమి చూడు. ఎక్కడో సూదిమొనంత చిల్లు పడుంటుంది."

తొడుగులన్నీ వెతికాను. చిల్లు లేదు.

పిలకల వేళ

గోధుమరంగు పాకుతోంది. మొదటి పళ్లెం సగం పోయింది, రెండోదానికి అంచున మొదలైంది. ట్యాంకు నిండడానికి ఇంతకుముందుకన్నా రెట్టింపు సమయం పడుతోంది.

"ఆకు కొసలు పసుపెక్కుతన్నాయి," అంది సన్యాసప్ప. "కింది ఆకులు ముందు. బలం సాలకపోతే అలగే అవుతాది. నీ ట్యాంకు ఎప్పుడొస్తాది?"

"సగం నిండింది అప్పా. పంపించేదా, నిండేదాకా ఆగేదా?"

"ఉన్నకాడికి పంపీ."

ట్యాంకు పంపడంలో కూడా మడి ఉంది. బండి వచ్చి బయటి తలుపు దగ్గర ఆగుతుంది. నడిపే దాలినాయుడు మూడుసార్లు గంట కొడతాడు. నేను లోపలి నుంచి మూడుసార్లు కొడతాను. అతను ఖాళీ ట్యాంకు దింపి, నిండినది తగిలించుకుని పోతాడు. అతను పోయాకే నేను తలుపు తీయాలి. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి దాలినాయుడు నాకు గంటల చప్పుడే. ఇవాళ బండి కదిలేటప్పుడు గోడకు అరచేయి ఆనించి నిలబడ్డాను. కాసేపు ఇనుపరేకు వణికింది, తర్వాత ఆగిపోయింది. చేయి తీయబుద్ధి కాలేదు.

తాతబాబు గారు చెప్పినవన్నీ చేశాను. నూనె మానేశాను. వంట మానేసి ప్యాకెట్లు చింపుకుని తింటున్నాను. స్నానం తగ్గించాను. కొలిమిని ఆఖరి మెట్టు దాకా పెంచాను. మురికి ముల్లు సున్నా మీంచి కదలదు. బల్బు హాయిగా వెలుగుతోంది. ఇనుము మాత్రం చస్తూనే ఉంది.

చచ్చిన పొడిని కొంచెం తీసి, అణువు లోపల ఎవరెక్కడున్నారో బొమ్మ గీసే యంత్రంలో పెట్టాను. ఆక్సిజన్ ఉంటుందనుకున్నాను, లేదు. చెమ్మ లేదు, గంధకం లేదు. కొత్తవాళ్లెవరూ రాలేదు. పొరుగున నిలబడ్డ గుబురు అణువు కొమ్మల్లో ఒకదాన్ని ఇనుము తనే వంచి పట్టుకుంది. ఇక దానికి సందు లేదు, పని లేదు. ఇంత పరీక్ష చేసి తెలుసుకున్నది ఇదీ, తన చేయి తనే కొరుక్కుని చచ్చిందని.

"యంత్రం సరిగా ఉందా?" అన్నారు తాతబాబు గారు.

"ఉంది సార్."

"దానంతటది అలా చేయదమ్మా. ఏదో తగిలి ఉంటుంది. తగిలినది వెళ్లిపోయి ఉంటుంది." గొంతు తగ్గించారు. "ఏమీ అనుకోకు. అక్కడ ఉన్న మురికల్లా నువ్వే. నీ ఊపిరే. ఇకనుంచి గదిలో కూడా సూటు వేసుకుని ఉండు."

ఏమీ అనుకోవద్దన్నారు కానీ అనుకున్నాను. చాలా అనుకున్నాను. సూటు వేసుకున్నాను.

చేను మోకాలెత్తు

మొదటి పళ్లెం పూర్తిగా పోయింది. రెండోది సగానికి వచ్చింది. ఈ గుబురు అణువులు భూమి నుంచి వచ్చినవి, ఇక్కడ తయారుచేసుకోలేం. ఉన్న మూడు పళ్లేలే మాకున్న ఇనుము.

సూటులో నా ఊపిరి నాకే వినిపిస్తుంటుంది. నిద్ర కూడా దాంతోనే. ముఖం దురద పెడితే గోక్కోవడానికి వీల్లేదు. సన్యాసప్పతో మాట్లాడటానికి కూడా ముఖం చెల్లక నిన్న రేడియో తీయలేదు. ఇవాళ ఆమే పట్టుకుంది.

"ఏటయ్యింది? నిన్న పలకనేదు."

"ఏం చెప్పాలో తెలీక."

"సెప్పడానికి ఏటీ నేకపోతే నేదనే సెప్పు. గొంతినబడాలి గదా."

నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్‌లో ఏడిస్తే తుడుచుకోవడం కుదరదు, అది మీరు గుర్తుంచుకోవాలి. ఇక్కడ నాకు ఒంటరిగా ఉందని ఎవరికీ చెప్పలేదు. చెబితే దింపేసి ఇంకొకరిని పంపుతారని భయం. అందుకే మీకు చెబుతున్నాను. చాలా ఒంటరిగా ఉంది.

దుమ్ము

పడమటి నుంచి దుమ్ముతుఫాను లేచింది. ఆకాశం కప్పేసింది. సూర్యుడు లేడు కనుక కరెంటు లేదు, బ్యాటరీల్లో ఉన్నది నా గాలికీ వెచ్చదనానికీ చాలితే గొప్ప. ఆర్గాన్ పంపు, మడిలో బల్బు, వాటికి కొంచెం వదిలి తక్కినవన్నీ ఆపాలి. ముందు ఆపింది కొలిమి. అది కరెంటును తెగ తాగుతుంది.

రేడియో పోయేముందు సన్యాసప్ప దొరికింది, మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"అప్పా, శుభ్రం చేసే కొలిమి ఆపేస్తున్నాను. దుమ్ము తగ్గేసరికి ఇనుమేమీ మిగలదేమో. నన్ను క్షమించు."

"ఇనబడట్లేదు. నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

తర్వాత గరగర తప్ప ఏమీ లేదు.

చేతినిండా పని ఉంటే ఒంటరితనం కొంత తగ్గుతుందని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. ఇప్పుడు పని లేదు. గోడల మీద దుమ్ము రాసుకుంటున్న చప్పుడు వింటూ కూర్చోవడమే. సూటు తీసేశాను. ఎలాగూ చచ్చేదానికి నా ఊపిరి కూడా తగిలితే ఏం పోయింది అనిపించింది. పోయిన రేడియో ముందు కూర్చుని ఆమెకు రోజూ కబుర్లు చెప్పాను. ఇవాళ ఏం తిన్నానో, తల ఎంత జిడ్డుగా ఉందో, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఎక్కడ దాక్కునేదాన్నో. ఆమె సమాధానాలు కూడా నేనే చెప్పుకున్నాను. ఆమె యాసలో. బాగానే వచ్చింది.

మడి వైపు అద్దానికి తెర వేసేశాను. చచ్చిపోతున్నదాన్ని చూస్తూ కూర్చునే ధైర్యం లేదు.

తెరిపి

దుమ్ము తగ్గింది. వెలుతురు ఎర్రగా, తర్వాత పల్చగా వచ్చింది. సన్యాసప్ప చేను పొట్టకొచ్చే వేళ దగ్గరపడి ఉంటుంది. తెర తీశాను.

మూడో పళ్లెం ఆకుపచ్చగా ఉంది. రెండోదాంట్లో మచ్చ ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, వెంట్రుక వాసి కూడా పాకలేదు. కొలిమి లేకుండా, మురికి ఆర్గాన్‌లో, సూటు వేసుకోని నా పక్కన, ఇన్ని రోజులూ అది శుభ్రంగా బతికి ఉంది. ముక్కు అద్దానికి ఆనేదాకా వంగి మళ్లీ చూశాను.

బుద్ధి ఉంటే అప్పుడే అర్థం కావాలి. నాకు కాలేదు. బతికింది కదా, ఇంకా బాగా కాపాడుకోవాలి అనుకుని కరెంటు రాగానే మళ్లీ కొలిమి వెలిగించాను. అలవాటైన చేతులు వాటంతటవే వెళ్లి మీట నొక్కాయి. రెండు మూడు రాత్రులు గడిచాయో లేదో రెండో పళ్లెం మొత్తం ఇటుకపొడి అయిపోయింది.

మూడోదాని అంచున గోరంత గోధుమరంగు కనిపించినప్పుడు, అప్పుడు తట్టింది.

పాత ఆర్గాన్‌లో ఎప్పుడూ కాస్త నత్రజని కలిసి ఉండేది. దాన్ని మేం మురికి కింద లెక్కేశాం. రాత్రంతా ఆ కాస్త నత్రజని వచ్చి ఇనుమును పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని ఉండేది. పని లేకపోయినా ఆ పట్టు ఉండేది. కొత్త కొలిమిలో టైటానియం ఆక్సిజన్‌తోపాటు నత్రజనిని కూడా మింగేస్తుంది. మిగిలింది ఎవరినీ అంటుకోని ఆర్గాన్ ఒక్కటే. అంత ఆకలి ఉన్నదాన్ని తెల్లవార్లూ ఎవరూ లేనిచోట పెట్టాం. పట్టుకోవడానికి ఏమీ దొరక్క అది పక్కనున్న తన కొమ్మనే పట్టుకుంది. ఎంత శుభ్రం చేస్తే అంత త్వరగా చచ్చింది.

రాత్రివేళ కొలిమి ఆపేస్తానని తాతబాబు గారికి చెప్పాను.

"వద్దు," అన్నారు. "కొలిమి ఆక్సిజన్‌ను కూడా ఆపుతోంది. అది లేనప్పుడు ఒక తొడుగుకు చిల్లు పడిందనుకో, తెల్లారేసరికి మూడో పళ్లెం కూడా పోతుంది. నీకు ఇంకోటి లేదు. తుఫానులో ఏదో అదృష్టం కలిసొచ్చింది. అదృష్టం మీద పంట పెట్టకు."

ఆయన చెప్పింది తప్పని అనలేను. చిల్లు పడవచ్చు. నేను అనుకున్నదే తప్పు కావచ్చు. రేడియోలో సన్యాసప్ప కూడా ఉంది, మా ఇద్దరి మాటలూ వింటోంది.

"అప్పా," అన్నాను, "చేను నీది. ఆపితే బతుకుతుందని నాకనిపిస్తోంది. తప్పైతే ఉన్నదీ పోతుంది, గింజ కట్టదు. నువ్వు ఏమంటావు?"

ఆమె వైపు నుంచి గంప కింద పెట్టిన చప్పుడు వచ్చింది.

"నాకా ఇనుము సంగతి తెల్దు," అంది సన్యాసప్ప. "దాని పక్కన నువ్వే ఉన్నావు. నువ్వు సూసినావు. నాను సూల్లేదు, ఆయనా సూల్లేదు. ఆపీయ్."

తాతబాబు గారు గొంతు సవరించుకున్నారు. "నేను వద్దన్నానని దినచర్యలో రాసుకో, సలోమీ. ఆపినందుకు నిన్నేమీ అననని కూడా రాసుకో."

రెండూ రాశాను.

పొట్ట వేళ

పొద్దుగూకాక కొలిమి ఆపుతున్నాను, వారం పైగా అయింది. తొడుగులు రోజూ తడిమి చూస్తున్నాను. మూడో పళ్లెం అంచున గోరంత గోధుమ అలాగే ఉంది, పెరగలేదు. బల్బు వెలుగుతోంది. పగలు అమోనియా మునుపటిలా వస్తోంది. ఒక్క పళ్లెం నుంచి వచ్చేదే అనుకోండి, అయినా వస్తోంది.

తాతబాబు గారికి అంకెలు చదివి వినిపించాను. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వచ్చింది. చివరికి, "వంట చేసుకుంటున్నావా?" అని అడిగారు. మళ్లీ మొదలుపెడతానన్నాను. "చేసుకో," అన్నారు.

సన్యాసప్పకు మాత్రం మంచి కబురు సగమే చెప్పగలిగాను. ఒక పళ్లెం అమోనియా మొత్తం చేనుకు చాలదు. పొట్టలో వెన్ను తయారయ్యే ఈ వేళలో బలం పడకపోతే ఇక తర్వాత ఎంత పోసినా వృథా. సగం చేనుకు సరిగా పెట్టాలి, లేదా అంతటికీ కొంచెం కొంచెం పెట్టి మొత్తం తాలు చేసుకోవాలి.

"ఏ సగం?" అని అడిగింది, నాకేదో తెలిసినట్టు.

"నువ్వే చెప్పాలి అప్పా."

"తూరుపు పక్క బాగున్నాది. పడమట పక్కకి నానే ఎక్కువ మట్టి మోసినాను." అంతే అంది. తర్వాత రోజు రేడియోకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నిండిన ట్యాంకు వెళ్లింది, గంటలు మోగాయి, గోడ వణికి ఆగింది. సన్యాసప్ప గొంతు మాత్రం లేదు. పడమటి సగాన్ని ఎండబెట్టమని చెప్పింది నేనే కదా అని లోపల కుములుతున్నాను. తాతబాబు గారిని అడిగితే, "పొద్దస్తమానం చేనులోనే ఉంటోంది, ఎవరితోనూ మాట్లాడటం లేదు," అన్నారు.

పప్పు వండాను. ఒక్కదానికి మరీ ఎక్కువైంది.

పాలు పోసుకునే వేళ

ఇది నా లెక్క ప్రకారం పెట్టిన పేరు. చేనులో ఏం జరుగుతోందో రేడియో చెప్పలేదు, నేనే ఊహించి పెట్టాను.

ఇవాళ మధ్యాహ్నం బండి వచ్చింది. గంట మూడుసార్లు మోగింది. నేనూ మూడుసార్లు కొట్టాను. ట్యాంకు మార్చిన చప్పుడు విన్నాను. గోడకు చేయి ఆనించి బండి కదలడం కోసం చూశాను. కదలలేదు. మళ్లీ గంట మోగింది, ఈసారి ఒక్కటే. తర్వాత తలుపు పక్కనున్న చిన్న స్పీకరులో దగ్గు.

"సెల్లీ, తలుపు తీ."

రేడియోలో గరగర లేకుండా ఆ గొంతు వినడం అదే మొదటిసారి. వెంటనే గుర్తుపట్టలేదు.

"అప్పా, నియమం ఒప్పుకోదు," అన్నాను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. అన్నాక సిగ్గేసింది.

"ఒప్పుకోదని తెలుసు. దాలినాయుడు దారంతా సెప్పుకొచ్చినాడు. ఆడు బండిలో తొంగున్నాడు. రెండు రాత్రులు నడుమిరిగిపోయేటట్టు కూకుని వొచ్చినాను. తీయవేటి?"

మడికీ నా గదికీ మధ్య రెండు తలుపులున్నాయి. నేను ఊపిరి తీసుకుంటూనే ఉన్నాను, దుమ్మువేళ సూటు లేకుండా ఉన్నాను, ఇనుము చావలేదు. ఇన్ని కారణాలు వెతుక్కున్నాను గానీ అవేవీ లేకపోయినా తీసేదాన్నే. తీశాను.

హెల్మెట్ తీసి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. సన్నటి మనిషి, జుట్టు సగం నెరిసింది, గోళ్లలో ఎర్రమట్టి.

"ఇంతున్నావేటి," అంది. "నీ గొంతిని పెద్ద మనిసివనుకున్నాను."

ఇన్నాళ్లుగా రోజూ మాట్లాడినదాన్ని, ఎదురుగా మనిషి ఉంటే ఎలా మాట్లాడాలో తెలియలేదు. ఎక్కడ చూడాలో తెలియలేదు. చూపంతా ఆమె చేతుల మీదే పెట్టాను.

"తూరుపు పక్క పాలు పోసుకున్నాది," అంది. "గింజ నొక్కితే తెల్లగా ఏలికంటుకున్నాది. కమిటీవోళ్లు వొచ్చి ఆళ్లూ నొక్కి సూసినారు. ఒక్కోడూ నొక్కుతుంటే సంపీసినారు గింజలన్నీ అనుకున్నాను. గుడారం విప్పరంట. మళ్లీ పంటకి సూద్దారన్నారు."

"పడమట పక్క?"

"ఎండిపోనాది. నానే కోసీసి మట్టిలో కలిపీసినాను. ఆ రోజుల్లో నీకు గొంతినిపించబుద్ది కానేదు, నువ్వు ఏడుస్తావని." కాసేపు గోడలు చూసింది. "ఈ మాట రేడియోలో సెప్పేది కాదని వొచ్చినాను."

అప్పుడు ఏడ్చాను. సూటు లేదు కనుక తుడుచుకోగలిగాను. ఆమె దగ్గరికి జరిగింది. నా భుజం మీద చేయి వేసి, బరువు తెలిసేలా అలాగే ఉంచింది. నా ఒంటికి ఇంకో మనిషి చేయి తగిలి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి మానుకున్నాను.

తర్వాత, వచ్చిన మనిషికి ఏదైనా ఇవ్వాలని గుర్తొచ్చి టీ పెట్టాను. మరిగాక చూసుకుంటే ఈ స్టేషన్‌లో గ్లాసు ఒక్కటే ఉంది. ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. ఎవరూ రెండోది పంపలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

"నువ్వు ముందు తాగు అప్పా."

"నువ్వు తాగి ఇయ్యి. పొగలు కక్కుతున్నాది."

సగం తాగాను. అంచు తుడిచి ఇద్దామని గుడ్డ కోసం అటూ ఇటూ వెతుకుతుంటే, నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, నేను తాగిన వైపే పెదవి పెట్టి తాగింది.

"పంచదార ఎక్కువేసీసినావు," అంది.